‘ఏది ముందు?’: స్మార్ట్ కాంట్రాక్ట్ యంత్రాల నిర్మాణ, పరీక్షణ చరిత్ర – హైదరాబాద్ అనుభవం

వ్యాససంగ్రహం:
స్మార్ట్ కాంట్రాక్ట్‌ను నడిపే యంత్రం ప్రధానంగా తేల్చేది ఒక్క విషయాన్నే: రెండు చర్యల్లో ఏది ముందు జరిగింది? తెలుగువారి దస్తావేజులకు, చీటీపాటలకు, భూమి క్రయవిక్రయాలకు ఈ ప్రశ్న పాతదే. రామంతాపూర్‌లోని పత్రపరీక్షను నేపథ్యంగా తీసుకుని, గత దశాబ్దంలో ఓపెన్‌సోర్స్ స్మార్ట్ కాంట్రాక్ట్ యంత్రాల నిర్మాణం, పరీక్షణ ఎలా సాగాయో, అందులో హైదరాబాద్ పరిశోధనాసంస్థలు చేసిన పని ఏమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. క్రమాన్ని నిలబెట్టడం వేరు, నిజాన్ని తేల్చడం వేరు అన్న భేదం ఈ చరిత్ర అంతటా కనిపిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బ్లాక్‌చెయిన్, స్మార్ట్ కాంట్రాక్ట్, దస్తావేజు, చీటీపాట, పహాణీ, రామంతాపూర్, ఉప్పల్.

1. మడత ముందా, సిరా ముందా?

హైదరాబాద్ తూర్పుభాగంలో అంబర్‌పేటకు, ఉప్పల్‌కు నడుమ ఉన్న రామంతాపూర్ న్యాయస్థానాలకు, దర్యాప్తు సంస్థలకు చిరపరిచితమైన పేరు. కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల, వివాదాస్పద పత్రాలను పరిశీలించే కేంద్రప్రభుత్వ పరీక్షకుల కార్యాలయం, కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థ ఇక్కడే వెలిశాయి. సంతకం ఎవరిది, వేలిముద్ర ఎవరిది, అంకె దిద్దారా లేదా అన్న సందేహాలకు ఇక్కడి నిపుణులు చెప్పే అభిప్రాయం 1872 నాటి సాక్ష్యచట్టం 45వ సెక్షన్ ప్రకారం కోర్టులో పరిగణనకు వచ్చేది.

పత్రపరీక్షలో సంతకాన్ని పోల్చడం ఒక భాగం మాత్రమే. అంతకంటే సున్నితమైనది క్రమనిర్ణయం. కాగితం మడత మీదుగా పోయిన గీతలో సిరా ఆ మడత పీచులోకి పాకి ఉంటే, మడత పడ్డాకే రాత పడిందని అర్థం. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటినచోట ఏ గీత పైన ఉందో సూక్ష్మదర్శినితో చూస్తారు. పక్కవాటుగా వెలుతురు వేసి, పై కాగితం మీద రాసినప్పుడు కింది కాగితంలో పడిన నొక్కులను చదువుతారు. అన్నింటి వెనుకా ఉన్నది ఒకే ప్రశ్న: రాత ముందా, సంతకం ముందా? అప్పు ఇచ్చేటప్పుడు ఖాళీ ప్రాంసరీ నోటు మీద, రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేయించుకునే అలవాటు తెలుగుపల్లెల్లో ఎంత విస్తృతమో తెలిసినవారికి ఈ ప్రశ్న విలువ వేరే చెప్పనక్కరలేదు. పదివేలకు చేసిన సంతకం పైన తరవాత లక్ష రాసుకుంటే, ఆ కుటుంబాన్ని కాపాడగలిగేది ఆ క్రమనిర్ణయమే.

పత్రాన్ని మార్చకుండా కాపాడే ఉపాయాలు మనకు ఎన్నడో ఉన్నాయి. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల రేకులకు రంధ్రం చేసి, అన్నింటినీ ఒకే కడియానికి గుచ్చి, కడియం అతుకు మీద ‘శ్రీత్రిభువనాంకుశ’ ముద్ర వేసేవారు. ముద్ర చెదరకుండా నడిమి రేకును మార్చడం సాధ్యం కాదు. అయినా కూటశాసనాలు పుట్టాయన్నది శాసనపరిశోధకులకు తెలిసిన సంగతే. రేకులను మార్చనక్కరలేదు, మొత్తం శాసనాన్నే కొత్తగా చెక్కితే చాలు. బ్లాక్‌చెయిన్‌లోనూ ప్రతి బ్లాకు తన ముందు బ్లాకు సారాన్ని హాష్ అనే సంఖ్యగా మోస్తుంది. ఇక్కడ కడియం గణితంతో చేసింది. ప్రతులు వేల కంప్యూటర్లలో ఉంటాయి. 1984లో కరణం వ్యవస్థను రద్దు చేసేదాకా గ్రామ దస్త్రం ఒకే ఇంట్లో, ఒకే చేతిలో ఉండేదని గుర్తుచేసుకుంటే, అనేక ప్రతుల భావనకు ఇక్కడ ఇంత ఆకర్షణ ఎందుకు కలిగిందో బోధపడుతుంది.

2. ఒప్పందం ప్రోగ్రాముగా మారిన వైనం

‘స్మార్ట్ కాంట్రాక్ట్’ అన్న మాటను 1990ల మధ్యలో ప్రచారంలోకి తెచ్చినవాడు నిక్ సాబో. నాణెం వేస్తే సరుకు ఇచ్చే అమ్మకపు పెట్టెను ఆయన దీనికి పూర్వరూపంగా చూపాడు. షరతు తీరితే ఫలితం దానంతటదే రావాలి, నడుమ మనిషి మాట మార్చే వీలు ఉండకూడదు అన్నది ఆలోచన. అయితే ఆ పెట్టె ఎవరి అధీనంలో ఉండాలన్న చిక్కు అప్పటికి తెగలేదు.

2008 అక్టోబరులో వెలువడిన బిట్‌కాయిన్ పత్రం ఆ చిక్కులో ఒక ముడిని విప్పింది. ఒకే నాణేన్ని ఇద్దరికి చెల్లించే మోసాన్ని ఆపాలంటే ఏ చెల్లింపు ముందు జరిగిందో అందరూ ఒప్పుకోవాలి. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మే మోసం గురించి నగరశివార్లలో ఎవరినడిగినా చెబుతారు; గణితపరంగా రెండూ ఒకే సమస్య. బిట్‌కాయిన్ చెల్లింపుల క్రమాన్ని తేల్చింది కానీ, సంక్లిష్టమైన షరతులను నడపడానికి దాని ఆదేశభాష చాలదు. 2013 చివర విటాలిక్ బుటెరిన్ ప్రతిపాదించిన ఇథీరియం ఆ లోటు తీర్చబూనింది. 2014లో గేవిన్ వుడ్ దాని యంత్రాన్ని గణితభాషలో నిర్వచించాడు. 2015 జులై 30న అది పని మొదలుపెట్టింది.

ఇక్కడ యంత్రం అంటే ఇనుముతో చేసినది కాదు. ఇతర ప్రోగ్రాములను నడిపే ఒక ప్రోగ్రాము. 256 బిట్ల అంకెలను ఒకదానిమీద ఒకటి దొంతరగా పేర్చుకుని, 1024 దొంతరల లోతు వరకు లెక్క చేస్తుంది. ప్రతి ఆదేశానికి ‘గ్యాస్’ అనే రుసుము ఉంటుంది. ఒక ప్రోగ్రాము ఎప్పటికైనా ఆగుతుందో లేదో ముందే తేల్చే సర్వసాధారణ పద్ధతి ఉండదని 1936లోనే ఆలన్ ట్యూరింగ్ నిరూపించాడు కనుక, ఆగని ప్రోగ్రామును ఆపడానికి రుసుము అయిపోవడమే దారి. గ్యాస్ చాలకపోతే అప్పటిదాకా చేసిన మార్పులన్నీ రద్దయి, ఖాతాలు పాతస్థితికి వెళ్తాయి. ఈ రద్దు నియమం తరవాత ఎంత ఇబ్బంది తెచ్చిందో ముందు చూడవచ్చు.

2016 జూన్ 17న ‘డావో’ అనే ఉమ్మడి నిధి నుంచి సుమారు 36 లక్షల ఈథర్ తరలిపోయింది. యంత్రంలో తప్పు లేదు. నిధి ప్రోగ్రాము సభ్యుడికి సొమ్ము ముందు పంపి, అతని ఖాతాలో తగ్గింపు తరవాత రాసుకునేది. సొమ్ము అందుకున్న ప్రోగ్రాము, తగ్గింపు పడకముందే మళ్లీ మళ్లీ అడిగింది. ఖాతాలో నిల్వ ఉన్నట్టే కనబడింది కనుక నిధి మళ్లీ మళ్లీ ఇచ్చింది. పద్దు రాశాకే పైకం ఇవ్వాలని మన షావుకార్ల గుమాస్తాకు ఎవరూ నేర్పనక్కరలేదు! జులై 20న ఇథీరియం సముదాయంలో ఎక్కువమంది చరిత్రనే మార్చి ఆ సొమ్మును వెనక్కి మళ్లించారు; అందుకు ఒప్పుకోనివారి శాఖ ఇథీరియం క్లాసిక్‌గా మిగిలింది. మార్చలేనిదని చెప్పిన పుస్తకాన్ని మనుషులు కూర్చుని మార్చారు. ఆ నిర్ణయం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. మార్చరాని ఆ పుస్తకం కూడా మనుషుల ఒడంబడిక మీదే నిలుస్తోందన్నది మాత్రం ఆనాడు రుజువైంది.

3. పరీక్ష అంటే ఏమి పరీక్ష?

సాధారణ ప్రోగ్రాములో తప్పు జరిగితే ఒక కంప్యూటరులో తప్పు జవాబు వస్తుంది. స్మార్ట్ కాంట్రాక్ట్ యంత్రంలో తప్పు జరిగితే రెండు కంప్యూటర్లకు రెండు చరిత్రలు ఏర్పడతాయి. అందుకే ఇథీరియం నిర్మాతలు మొదటి నుంచే ఒకే నిర్వచనాన్ని గో, సి++, పైథాన్ వంటి వేర్వేరు భాషల్లో వేర్వేరు బృందాలతో రాయించి, అందరూ ఒకే పరీక్షల మాలను దాటాలన్న నియమం పెట్టుకున్నారు. మూలం బహిరంగంగా ఉండడం వల్లనే ఇది సాధ్యమైంది. ఇద్దరు లేఖకులు విడివిడిగా ఎత్తిరాసిన ప్రతులను పరిష్కర్త పోల్చినట్టు, రెండు యంత్రాల జవాబులను పోల్చడమే ఇక్కడి ప్రధాన పరీక్ష. పాఠపరిష్కరణలో పాఠాంతరం కనిపిస్తే ఏదో ఒక ప్రతిలో దోషం ఉన్నట్టే; ఇక్కడా అంతే.

ఆ దోషం 2016 నవంబరు 24న బయటపడింది. అంతకుముందు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దాడిచేసినవారు తక్కువ ధర ఉన్న ఆదేశాలను విపరీతంగా వాడి వ్యవస్థను కుంటుపరిచారు. డిస్కును వెతకవలసివచ్చే ఒక ఆదేశానికి 20 గ్యాస్ మాత్రమే ధర ఉండడం అందుకు కారణం. దాన్ని 700కు పెంచారు. దాడిలో పుట్టిన ఖాళీ ఖాతాలను తుడిచే నియమం నవంబరులో వచ్చింది. ఖాళీ ఖాతాను తుడిచిన లావాదేవీ గ్యాస్ చాలక రద్దయితే ఏమి కావాలి? తుడిచినది కూడా రద్దు కావాలి. గో భాషలోని యంత్రం ఆ పని చేయలేదు, రస్ట్ భాషలోని పారిటీ యంత్రం చేసింది. కొంతసేపు ఇథీరియానికి రెండు చరిత్రలు నడిచాయి. ఇంత ఇరుకైన సందర్భాన్ని పరీక్షలు రాసినవారు ఊహించలేదు. తరవాతి కాలంలో యంత్రమే లక్షలాది అర్థంపర్థంలేని లావాదేవీలను పుట్టించి, రెండు యంత్రాలకు తినిపించి, జవాబులు వేరైనచోట ఆగే పద్ధతికి ప్రాధాన్యం పెరగడం సహజమే. మరోవైపు ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో గ్రిగోరే రోషు బృందం యంత్రం అర్థాన్నే సంపూర్ణంగా తర్కభాషలో రాసి, అధికారిక పరీక్షలన్నీ దానిమీద నడిపి 2018లో ప్రచురించింది.

ఇంకొక దారి లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలోని హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్‌ది. 2017 జులైలో దాని తొలి సంపూర్ణరూపం వచ్చింది. ఇందులో చేరాలంటే అనుమతి కావాలి. బ్యాంకులకు, ప్రభుత్వాలకు అందుకే నచ్చింది. ఇది లావాదేవీని ముందు కొద్దిమంది చేత నడిపించి, ఫలితాలు కలిశాకే క్రమంలో పెడుతుంది. ఫలితాలు కలవకపోతే లావాదేవీ చెల్లదు. గో భాషలో ‘మ్యాప్’ అనే నిర్మాణంలోని అంశాలు ప్రతిసారి ఒకే వరుసలో రావు. అది తెలియక రాసిన ప్రోగ్రాము ఒక కంప్యూటరులో ఒక జవాబు, మరొకదానిలో మరొక జవాబు ఇస్తుంది. ఇక్కడా చిక్కు వరుసదే.

4. కందిలో జరిగిన పని

రామంతాపూర్ నగరానికి తూర్పున ఉంటే, పడమట సంగారెడ్డి దారిలో కంది వద్ద ఐఐటీ హైదరాబాద్ ఉంది. సత్య పేరి, ఆయన విద్యార్థులు 2019లో ప్రచురించిన పరిశోధన నేరుగా యంత్రనిర్మాణానికి సంబంధించినది. స్మార్ట్ కాంట్రాక్ట్‌లను అప్పటి యంత్రాలు సాధారణంగా ఒకదాని తరవాత ఒకటిగానే నడిపేవి. నేటి కంప్యూటరులో అనేక కోర్‌లు ఉన్నా, ఒకటి పనిచేస్తూ మిగిలినవి ఊరకుంటాయి. వాటిని ఏకకాలంలో నడపవచ్చా అన్నది ప్రశ్న. మారిస్ హెర్లిహీ ప్రభృతులు 2017లోనే ఇందుకు ఒక దారి చూపారు. కంది బృందం ‘ఆశావాద’ పద్ధతిని తీసుకుంది: తగువు రాదని నమ్మి అన్నింటినీ ఒకేసారి మొదలుపెట్టడం, ఇద్దరు ఒకే ఖాతాను తాకినట్టు తేలితే ఒకరిని వెనక్కి పంపి మళ్లీ చేయించడం.

అసలు కష్టం తరవాత మొదలవుతుంది. బ్లాకును కూర్చినవారు ఒక వరుసలో నడిపి ఒక ఫలితం పొందుతారు. దాన్ని సరిచూసేవారు కూడా ఏకకాలంలో నడిపితే, నిజాయితీగానే మరొక వరుస ఏర్పడవచ్చు, ఫలితం మారవచ్చు, అప్పుడు సరైన బ్లాకునే తప్పుడు బ్లాకని తిరస్కరిస్తారు. ఇద్దరు నిజాయితీపరులైన సాక్షులు సంఘటనల క్రమాన్ని వేరుగా చెప్పినప్పుడు కేసు కొట్టుకుపోయినట్టే ఇది. పరిష్కారంగా ఈ బృందం ఏ లావాదేవీ దేనిమీద ఆధారపడిందో చూపే ఒక పటాన్ని బ్లాకుతోపాటే పంపింది. పటంలో గీత ఉన్నచోట వరుస పాటించాలి, గీత లేనిచోట ఎవరు ముందైనా ఒకటే. ఇథీరియం యంత్రం బహుళ తంతువులను నడపలేదు కనుక, సాలిడిటీ భాష బోధనలో ఉదాహరణలుగా ఉన్న నాణెం, ఓటు, వేలం ప్రోగ్రాములను సి++లోకి మార్చి పరీక్షించారు. బ్లాకు కూర్చేపని సగటున మూడు రెట్లకు పైగా వేగవంతమైంది. సరిచూసే పనిలో లాభం అంతకంటే చాలా ఎక్కువ. పటం చేతికి వచ్చాక వాళ్లు తగువులను మళ్లీ కనిపెట్టనక్కరలేదు కదా.

‘ఏది ముందు?’ అనడంతోపాటు ‘ముందువెనుకలు ఎక్కడ అవసరం?’ అని అడగడం ఈ పరిశోధన ప్రత్యేకత. పరీక్షకు ఎంచుకున్న మూడింటిలో వేలం ఒకటి కావడం తెలుగు పాఠకుడికి మరొక కారణంగా ఆసక్తి కలిగిస్తుంది.

5. చీటీపాట: యంత్రానికి అందనిది

చీటీపాటను మించిన తెలుగు ఒప్పందం అరుదు. ఇరవైమంది నెలకు ₹5,000 చొప్పున ఇరవై నెలలు కడతారు. నెలనెలా లక్ష పోగవుతుంది. అవసరం ఉన్నవారు పాట పాడతారు. ₹20,000 తగ్గించుకోవడానికి సిద్ధపడినవారికి ₹80,000 దక్కుతుంది. తగ్గింపులో ఫోర్‌మన్ రుసుము ₹5,000 పోగా మిగిలిన ₹15,000 అందరికీ ₹750 చొప్పున పంచుతారు. ఆ నెల కట్టవలసినది ₹4,250. ఈ లెక్క యంత్రానికి చాలా తేలిక. రాష్ట్రంలో 1971 చట్టం, దేశానికంతటికీ 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం దీన్ని నియమించాయి. ప్రతి పాటకు కనీసం ఇద్దరు సభ్యులు హాజరు కావాలన్నది నియమం. 2019 సవరణ ఆ హాజరును వీడియో ద్వారా అనుమతించింది, ఫోర్‌మన్ రుసుము పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచింది. తెలంగాణ ప్రభుత్వం నమోదైన చిట్ ఫండ్ సంస్థల పర్యవేక్షణకు బ్లాక్‌చెయిన్ ఆధారంగా టి-చిట్స్ వ్యవస్థను తెచ్చింది. దాని నిర్మాణంలో హైదరాబాద్ అంకురసంస్థ చిట్‌మాంక్స్ భాగస్వామి.

ఫోర్‌మన్ రహస్యంగా పాట పుస్తకం దిద్దడాన్ని ఇటువంటి వ్యవస్థ అడ్డగలదు. అది చిన్న మేలు కాదు. చీటీ కంపెనీ మూతపడి, కూతురి పెళ్లికని కట్టిన సొమ్ము పోగొట్టుకున్న కుటుంబాలు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. కానీ రెండుచోట్ల యంత్రం తడబడుతుంది.

మొదటిది చీటీ తీయడం. ఒకరికి మించి గరిష్ఠ తగ్గింపుకు సిద్ధపడితే, పేర్లు రాసిన చీటీలు చెంబులో వేసి ఒకటి తీయాలి. యంత్రానికి ఉన్న గుణమల్లా అందరి దగ్గరా ఒకే జవాబు రావడం. చీటీకి కావలసిన గుణం ఎవరూ ముందే చెప్పలేకపోవడం. ఈ రెండూ పొసగవు. బ్లాకు హాష్‌ను చీటీగా వాడదామంటే, బ్లాకు కూర్చేవారికి తమకు నచ్చని ఫలితం వచ్చినప్పుడు ఆ బ్లాకును వదిలేసే వీలుంది. అందుకే ప్రతి సభ్యుడూ ఒక రహస్యసంఖ్యకు హాష్ ముందు ఇచ్చి, అందరూ ఇచ్చాక సంఖ్యలు బయటపెట్టి, వాటిని కలిపి విజేతను తేల్చే పద్ధతి వచ్చింది. మడిచిన చీటీలు చెంబులో వేయడానికి ఇది గణితరూపం. అక్కడా ఒక సభ్యుడు చివరి నిమిషంలో తన సంఖ్య చెప్పనని మొండికేస్తే ఏమి చేయాలన్నది విడిగా రాసుకోవలసిందే.

రెండవది జామీను. రెండో నెలలోనే పాట పాడుకున్న సభ్యుడు మిగిలిన పద్దెనిమిది నెలలు కడతాడన్న భరోసా యంత్రంలో లేదు. అది జామీనుదారుడి ఉద్యోగంలో, జీతంలో, ఊళ్లో అతనికున్న పరువులో ఉంది. పాట గెలిచింది మొదటా, జామీను పత్రం ఇచ్చింది మొదటా అన్నది యంత్రం చెబుతుంది. జామీను నిఖార్సైనదా అన్నది చెప్పలేదు.

6. రెండు తేదీల భూమి

2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీడన్‌కు చెందిన క్రోమావే, హైదరాబాద్‌కు చెందిన జెబి డేటా సంస్థలతో భూదస్త్రాలను బ్లాక్‌చెయిన్‌లోకి తెచ్చే ప్రయోగానికి పూనుకుంది. అదే ఏడు జనవరిలో హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ బ్యాంకింగ్‌లో బ్లాక్‌చెయిన్ వినియోగంపై శ్వేతపత్రం వెలువరించింది. 2018 ఆగస్టులో తెలంగాణ ‘బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్’ను ప్రకటించింది. ఆ తరవాత సి-డాక్, ఐడీఆర్‌బీటీ, ముంబైలోని వీజేటీఐ కలిసి చేపట్టిన కేంద్రప్రభుత్వ పథకంలో సి-డాక్ ఆస్తి నమోదుకు ఒక వ్యవస్థను నిర్మించి, శంషాబాద్‌ను ప్రయోగక్షేత్రంగా ఎంచుకుంది. 2021 డిసెంబరు నాటి జాతీయ బ్లాక్‌చెయిన్ వ్యూహపత్రం దీన్ని పేర్కొంది. అప్పటికి, స్థిరాస్తి విక్రయ ఒప్పందాలు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం పరిధిలోకి రావన్న మినహాయింపు అమల్లోనే ఉంది. 2022లో దాన్ని తొలగించారు. అంటే శంషాబాద్ యంత్రం దస్తావేజు జరిగిందన్న వార్తను కాపాడగలిగేదే తప్ప, తానే దస్తావేజు కాలేకపోయేది.

యంత్రనిర్మాతలు ఎంతమేరకు గమనించారో గానీ, మన చట్టంలో మరొక మెలిక ఉంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం నమోదైన దస్తావేజు, నమోదు తేదీ నుంచి కాక రాసుకున్న తేదీ నుంచి అమల్లోకి వస్తుంది. రాసుకున్నాక నమోదుకు నాలుగు నెలల గడువు ఉంది. జనవరిలో రాసి ఏప్రిల్‌లో నమోదైన దస్తావేజు, ఫిబ్రవరిలో రాసి ఫిబ్రవరిలోనే నమోదైనదానికంటే ముందుది. బ్లాకుల వరుస మాత్రం ఫిబ్రవరి దాన్నే ముందు పెడుతుంది. కనుక యంత్రం రెండు తేదీలనూ మోయాలి. రాసుకున్న తేదీ అన్నది పక్షాలు చెప్పేదే. వెనుక తేదీ వేసిన దస్తావేజు యంత్రంలోకి దిగితే అది శాశ్వతంగా, చెక్కుచెదరకుండా అబద్ధంగానే ఉండిపోతుంది. ఆ తేదీని పట్టుకోగలిగేవి సిరా, స్టాంపు, మడత. ప్రశ్న మళ్లీ రామంతాపూర్‌కే వస్తుంది.

ఇదే విషయానికి రెండవ ముఖం పక్కనున్న ఉప్పల్‌లో ఉంది. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ అక్కడ దశాబ్దాలుగా నేలను కొలిచే విద్యను నేర్పుతోంది. గట్టు ఎక్కడుందో సర్వేయరు చెప్పాలి. సేత్వార్, 1954–55 ఖాస్రా పహాణీ వంటి పాత దస్త్రాలతో దాన్ని సరిపోల్చాలి. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి బ్లాక్‌చెయిన్ కాదు, అయినా ఈ చర్చకు దాని అనుభవం విలువైనది. పహాణీలో ఉండే అనుభవదారు గడి అందులో లేకపోయింది. పట్టా ఒకరి పేర, సేద్యం మరొకరి చేతుల్లో ఉన్నచోట రెండవవారి ఉనికి తెరమీద కనిపించలేదు. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలోకి భూభారతి వచ్చింది. మార్చగల డేటాబేసు కనుక వేరొకదాన్ని తేవడం సాధ్యమైంది. గడి లేని నమూనానే మార్చలేని యంత్రంలో పోతపోసి ఉంటే దాన్ని సవరించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. డావో ఉదంతంలో చరిత్రను మార్చడానికి ప్రపంచమంతటా ఉన్న నిపుణులు చర్చించారు. కౌలురైతు కోసం అంతటి చర్చ జరుగుతుందని ఆశించడం కష్టం.

2024 సెప్టెంబరు 4న కేంద్రప్రభుత్వం ‘విశ్వస్య’ పేరిట జాతీయ బ్లాక్‌చెయిన్ సేవను ఆవిష్కరించింది. సి-డాక్, ఎన్ఐసీ, చెన్నైలోని సెట్స్‌తోపాటు ఐడీఆర్‌బీటీ, ఐఐటీ హైదరాబాద్, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఇందులో భాగస్వాములు. భువనేశ్వర్, పుణే, హైదరాబాద్‌లలోని కేంద్రాల నుంచి ఇది నడుస్తుంది. అంతకు రెండు నెలల ముందు, జులై 1న, 1872 సాక్ష్యచట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చింది. దాని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ దస్త్రాన్ని కోర్టులో పెట్టేటప్పుడు ఒక ధ్రువపత్రం జతచేయాలి. దస్త్రం హాష్ విలువ అందులో రాయాలి. ఆ పత్రానికి రెండు భాగాలు: మొదటిది దస్త్రాన్ని దాఖలు చేసే పక్షం నింపేది, రెండవది నిపుణుడు నింపేది. రెండింటి కిందా మనిషి పేరు, తేదీ, సంతకం ఉండాలి.